పేరు మార్చాలంటే లాంచ్‌కి ముందే

ప్రొడక్ట్ పేరు మీద కాస్తయినా అనుమానం ఉంటే లాంచ్‌కి ముందే మార్చేయండి, లోగో చేయించేశాం కదా అని ఊరుకోవద్దు. మైక్రోసాఫ్ట్ ఒకప్పుడు దొరికినదానికల్లా డాట్‌నెట్ (.NET, ప్రోగ్రాములు రాయడానికి తను తెచ్చిన ప్లాట్‌ఫామ్ పేరు) అని తగిలించేసరికి అసలు డాట్‌నెట్ అంటే ఏంటో కొనేవాళ్లకి అర్థం కాకుండా పోయింది. చివరికి 2003 జనవరిలో, విడుదలకి మూడు నెలల ముందు, విండోస్ డాట్‌నెట్ సర్వర్ 2003 పేరులోంచి ఆ ముక్క పీకేసి విండోస్ సర్వర్ 2003 అని పెట్టుకుంది. అంత పెద్ద కంపెనీకే మొహమాటం లేదు, మనకెందుకు! కొత్త పేరు ఒక్కటే చెప్పి, ఇది ఏం చేస్తుందనుకుంటున్నారు అని బయటివాళ్లని అడిగి చూడండి. డొమైన్, ట్రేడ్‌మార్క్ ఎలాగూ చూస్తారు, ఆండ్రాయిడ్ యాప్ అయితే ప్యాకేజీ పేరు (com.కంపెనీ.యాప్ లాంటి, యాప్‌ని గుర్తుపట్టే ఐడీ) కూడా అప్పుడే మార్చేయండి, ప్లే స్టోర్‌లో పబ్లిష్ అయ్యాక అది ఇక మారదు, పాత పేరు లింకులో అలాగే కనిపిస్తూ ఉంటుంది.