ఎంజైమ్‌కి తీగ కలపడం: ఎమ్మెస్సీ ప్రాజెక్టు పిల్లలకు

బయోఎలక్ట్రానిక్స్‌లో ప్రాజెక్టు చేస్తామని వచ్చేవాళ్ల చేతికి జెరూసలేం హీబ్రూ యూనివర్సిటీ కెమిస్ట్రీ ఆచార్యుడు ఇతమార్ విల్నర్ పేపర్లు నేను వెంటనే ఇవ్వను. ముందు గ్లూకోజ్ ఎలక్ట్రోడ్ ఒకటి చేయమంటాను. ఎంజైమ్‌లో పుట్టిన ఎలక్ట్రాన్‌ను తీగలోకి ఎలా రప్పించాలన్నది ఆయన ఏళ్లతరబడి పట్టుకున్న ప్రశ్న. దాని బరువు చేత్తో చేస్తేనే తెలుస్తుంది.

గ్లూకోజ్ ద్రావణం ముందురోజు సాయంత్రమే కలిపి పెట్టండి. ఇది దాటేయొద్దు. మనం వాడే ఎంజైమ్, గ్లూకోజ్ ఆక్సిడేజ్, గ్లూకోజ్ బీటా రూపాన్నే పట్టుకుంటుంది. పొడి మామూలుగా ఆల్ఫా రూపంలో ఉంటుంది, నీళ్లలో రెండూ సమతౌల్యానికి రావడానికి గంటలు పడుతుంది. అప్పటికప్పుడు కలిపిన ద్రావణం వాడితే రీడింగులు పూటపూటకీ మారతాయి. బజారు గ్లూకోజ్ పొడి అసలొద్దు. అందులో విటమిన్ సి ఉంటే, ఎంజైమ్ నుంచి ఎలక్ట్రోడ్‌కు ఎలక్ట్రాన్లు మోసేందుకు మనం కలిపే ఫెర్రిసైనైడ్‌ను అదే క్షయకరించి దొంగ కరెంటు చూపిస్తుంది.

ఎంజైమ్ 10 మిల్లీగ్రాములు, బీఎస్ఏ (ఆవు రక్తం నుంచి తీసే ఆల్బుమిన్ ప్రోటీన్) 50 మిల్లీగ్రాములు తీసుకుని, పీహెచ్ 7 ఫాస్ఫేట్ బఫర్ 1 మిల్లీలీటరులో మెల్లగా కలపండి, నురగ రానీయకండి. ఈ ద్రావణం 9 పాళ్లకు ప్రోటీన్లను ఒకదానికొకటి కట్టేసే గ్లూటరాల్డిహైడ్ (2.5 శాతం) 1 పాలు ఆఖర్న చేర్చండి. ఈ పని ఫ్యూమ్ హుడ్‌లో, గ్లోవ్స్‌తోనే. గడ్డకట్టేలోపు 5 మైక్రోలీటర్లు 3 మిల్లీమీటర్ల కార్బన్ ఎలక్ట్రోడ్ మీద వేసి, గంట ఆరాక బఫర్‌తో కడగండి. ఎంజైమ్ లేకుండా బీఎస్ఏతో మరొకటి చేయండి. అది లేకపోతే మీ ఫలితాన్ని నేను నమ్మను.

బఫర్‌లో 20 మిల్లీమోలార్ పొటాషియం ఫెర్రిసైనైడ్ కలిపి (యాసిడ్ దగ్గరికి రానీయొద్దు) పది నిమిషాలు నైట్రోజన్ పోనివ్వండి. ఆక్సిజన్ మిగిలితే ఎలక్ట్రాన్లు అటే పోతాయి. సిల్వర్/సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి +0.4 వోల్టులు పెట్టి, కరెంటు నిలకడ అయ్యాక, ఒకే వేగంతో కలియబెడుతూ, గ్లూకోజ్ 1 మిల్లీమోలార్ చొప్పున పెంచండి. పరగడుపు రక్తంలో ఉండేది సుమారు 4 నుంచి 5.6 కాబట్టి 10 దాకా వెళ్తే చాలు.

ఇప్పుడు ఫెర్రిసైనైడ్ లేకుండా మళ్లీ కొలవండి. కరెంటు దాదాపు రాదు. ఎంజైమ్‌లో ఎలక్ట్రాన్‌ను పట్టుకునే ఎఫ్ఏడీ అనే చిన్న అణువు ప్రోటీన్ లోపల లోతుగా ఉంది. కార్బన్ దాకా దానికి దారి లేదు.

ఈ రెండో గ్రాఫ్ గీశాకే, 2003లో సైన్స్ పత్రికలో విల్నర్ బృందం వేసిన పేపర్ తెరవండి. వాళ్లు ఎంజైమ్ నుంచి ఎఫ్ఏడీని పీకేశారు. 1.4 నానోమీటర్ల బంగారు కణానికి ఎఫ్ఏడీ అతికించి, ఖాళీ ప్రోటీన్‌ను దాని చుట్టూ మళ్లీ కూర్చారు. ఆ కణమే ఎలక్ట్రోడ్‌కు తీగ అయింది. సెకనుకు సుమారు 5000 ఎలక్ట్రాన్లు దాటాయి. సహజంగా ఆక్సిజన్‌కు అందేవి 700 దాకానే. ఎంత అందమైన ఆలోచనో! పేపర్ చదివేటప్పుడు, తమ కరెంటు బంగారు కణం ద్వారానే వస్తోందని వాళ్లు దేనితో పోల్చి నిరూపించారో వెతికి, మీ బీఎస్ఏ ఎలక్ట్రోడ్ పక్కన రాసుకుని రండి.