బ్యాక్‌యార్డ్ డెక్ వేయించే ముందు కాగితం మీద తేల్చుకోవాల్సినవి

అమెరికాలో ఇల్లు కొన్నాక ఒకటి రెండు వేసవులు గడిస్తే ఇంట్లో డెక్ (ఇంటి వెనక గోడకు ఆనించి గుంజల మీద వేసే చెక్క అరుగు) మాట మొదలవుతుంది. ముందుగా చర్చకొచ్చేది పలకల రంగు, ఆ తర్వాత రెయిలింగ్ డిజైన్. ఆ రెండూ పదేళ్ల తర్వాతైనా మార్చుకోవచ్చు. మార్చలేనివి డెక్ గోడను పట్టుకునే చోటు, నేలలోకి దిగే చోటు. కూలిన డెక్కుల్లో చాలావరకు గోడ దగ్గర ఊడొచ్చినవే. అందుకని ప్లాన్ కింది నుంచి పైకి వెయ్యాలి. బడ్జెట్ చాలకపోతే పలకల్లో తగ్గించుకోండి, కింద మాత్రం వద్దు.

లెక్కల కోసం ఇక్కడ ఒక మామూలు డెక్కును తీసుకుందాం. న్యూజెర్సీలో బేస్‌మెంట్ ఉన్న ఇల్లు, వెనక స్లైడింగ్ డోర్. డెక్ గోడ వెంబడి 16 అడుగులు, బయటికి 12 అడుగులు, నేల నుంచి పలకల పైకి 42 అంగుళాలు.

సైజు

చదరపు అడుగులతో మొదలుపెట్టకండి, కుర్చీలతో మొదలుపెట్టండి. ఆరుగురు కూర్చునే టేబుల్ సుమారు మూడున్నర అడుగుల వెడల్పు, ఆరు అడుగుల పొడవు. కుర్చీ వెనక్కి జరిపి లేవడానికి చుట్టూ మూడేసి అడుగులు కావాలి. అంటే ఆ టేబులొక్కటే తొమ్మిదిన్నర అడుగులు × 12 అడుగులు మింగేస్తుంది. గ్రిల్, మెట్ల దారి, తలుపు ముందు ఖాళీ మిగతాదాంట్లో పట్టాలి. 10 అడుగుల లోతున్న డెక్ డ్రాయింగులో బాగానే కనిపిస్తుంది, టేబుల్ వేశాక పక్కనుంచి నడవడానికి ఉండదు. గడ్డి మీద తాడుతో కొలతలు గీసి, అసలు కుర్చీలే వేసి ఒక సాయంత్రం కూర్చుని చూడండి. పడమటి ఎండ ఎంతసేపు మొహం మీద కొడుతుందో కూడా అప్పుడే తెలిసిపోతుంది.

మనవాళ్ల ఇళ్లలో చేపల వేపుడుకీ బిర్యానీకీ ప్రొపేన్ బర్నర్ బయట పెట్టడం మామూలే. దాన్ని చెక్క డెక్ మీద పెట్టొద్దు. నూనె ఒలికితే పలక అంటుకుంటుంది, వేడికి ఇంటి గోడ మీది వినైల్ సైడింగ్ (ప్లాస్టిక్ పైతొడుగు) కరిగి వంకర్లు పోతుంది. మెట్లు దిగే చోట ఎలాగూ కనీసం మూడడుగుల చదరపు ల్యాండింగ్ కావాలి. ఆ కాంక్రీట్ పలకనే ఒక పక్కకి నాలుగడుగులు పొడిగిస్తే పొయ్యికి చోటు దొరుకుతుంది. ఆ మాట ఇప్పుడే డ్రాయింగులో పెట్టాలి.

కాగితాలు

ఇల్లు కొన్నప్పుడు ఇచ్చిన సర్వే తీయండి. దాని మీద సాధారణంగా సెట్‌బ్యాక్ గీతలు (హద్దు నుంచి కట్టడం ఎంత ఎడంగా ఉండాలో చెప్పేవి), యుటిలిటీ ఈజ్‌మెంట్ (కరెంటు, గ్యాస్ లైన్ల కోసం వదలాల్సిన జాగా) ఉంటాయి. ఈజ్‌మెంట్‌లో ఫుటింగ్ (గుంజ కింద నేలలో పోసే కాంక్రీట్ పునాది) వేస్తే ఎప్పుడైనా తీయమనొచ్చు. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఆమోదం, టౌన్‌షిప్ పర్మిట్ రెండూ వేరువేరు, ఒకటి వస్తే రెండోది వచ్చినట్టు కాదు. గోడకు బిగించే డెక్కుకు దాదాపు ఎక్కడైనా పర్మిట్ కావాలి. తవ్వే ముందు 811కి ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు లైన్లు ఉచితంగా గుర్తు పెట్టి వెళ్తారు. పర్మిట్ లేకుండా వేస్తే ఇల్లు అమ్మేటప్పుడు బయటపడుతుంది, అప్పుడు ఫుటింగులు చూపించమంటే మళ్లీ తవ్వాల్సిందే.

బరువు

ఇళ్ల కట్టడాలకు వాడే ఐఆర్‌సీ కోడ్ ప్రకారం డెక్ మీద చదరపు అడుగుకు 40 పౌండ్ల మనుషుల బరువు, 10 పౌండ్ల సొంత బరువు లెక్క వేస్తారు. మన 192 చదరపు అడుగులకు మనుషులు, సామాను కలిపి 7,680 పౌండ్లు. నలుగురున్న ఇంట్లో ఇది ఎక్కువనిపిస్తుంది గానీ, పిల్లాడి పుట్టినరోజుకు నలభై మంది కేక్ చుట్టూ ఒకే మూల చేరినప్పుడు ఆ లెక్క ఎందుకో అర్థమవుతుంది. హాట్ టబ్ ఆలోచన ఉంటే ఈ లెక్కలేవీ పనికిరావు. 400 గ్యాలన్ల నీళ్లే 3,300 పౌండ్లు దాటతాయి. దానికి ఇంజనీర్‌తో విడిగా డిజైన్ చేయించాలి. సిమెంటు తులసికోటను మాత్రం బీమ్ (గుంజల మీద పడుకోబెట్టే దూలం) మీదికి వచ్చేలా పెడితే సరిపోతుంది.

గోడను పట్టుకునే చోటు

గోడకు బిగించే పొడవాటి చెక్కను లెడ్జర్ అంటారు. మన డెక్కుకు 2×8 (పేరుకు 2 అంగుళాల మందం, 8 అంగుళాల వెడల్పు) ప్రెషర్ ట్రీటెడ్, అంటే కుళ్లకుండా మందు ఎక్కించిన చెక్క చాలు. దీన్ని మేకులతో కొట్టకూడదు. మేకు కిందికి పడే బరువును మోస్తుంది గానీ బయటికి లాగితే మెల్లగా జారి వచ్చేస్తుంది. అర అంగుళం మందం లాగ్ స్క్రూలు, జాయిస్టుల (గోడ నుంచి బయటికి వేసే వాసాల్లాంటి చెక్కలు) స్పాన్, అంటే ఆధారం నుంచి ఆధారానికి దూరం, 10 నుంచి 12 అడుగులైతే 15 అంగుళాలకొకటి చొప్పున, పైవరుస ఒకటి కిందివరుస ఒకటిగా మార్చి మార్చి బిగించాలి. 16 అడుగులకు 14 పడతాయి. స్క్రూ మొన ఇంటి రిమ్ జాయిస్టును (ఇంటి నేలను మోసే చెక్కల చివర అడ్డంగా ఉండే చెక్క) దాటి లోపలికి కనిపించాలి, అందుకే బేస్‌మెంట్‌లోకి వెళ్లి చూసుకోవాలి. రిమ్ పలచటి ఓఎస్‌బీ (చెక్క పేళ్లు అతికించి చేసిన పలక) అయినా, ఆ చోటు గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చిన బే విండో అయినా అక్కడ లెడ్జర్ వేయకూడదు. లెడ్జర్‌తో పాటు, డెక్ బయటికి లాక్కుపోకుండా ఇంటి లోపలి జాయిస్టులకు కట్టే 1,500 పౌండ్ల హోల్డ్‌డౌన్లు రెండు, లేదా 750 పౌండ్లవి నాలుగు డ్రాయింగులో చూపించాలి.

స్క్రూల కన్నా ఎక్కువ డెక్కుల్ని తినేది నీరు. సైడింగ్ కోసి, లెడ్జర్ బిగించి, దాని మీదుగా జెడ్ ఆకారపు ఫ్లాషింగ్ (నీటిని బయటికి మళ్లించే రేకు) వేసి, దాని పైఅంచును ఇంటి రాప్ (సైడింగ్ వెనక ఉండే, నీరు దిగని పొర) కిందికి దోపాలి. సైడింగ్ మీదే లెడ్జర్ పెట్టి పైన కాక్ (సందులు మూసే మెత్తటి పేస్టు) రాసేస్తే రెండు మూడు చలికాలాల్లో కాక్ పగులుతుంది. నీరు వెనక్కి దిగి ముందు ఇంటి రిమ్ కుళ్లుతుంది, అది బయటికి కనపడదు. ఫ్లాషింగ్ మామూలు అల్యూమినియంది కాకూడదు. ట్రీటెడ్ చెక్కలో రాగి ఉంటుంది, తడిలో అది అల్యూమినియాన్ని తినేస్తుంది. వినైల్ గానీ, గాల్వనైజ్డ్ గానీ వాడండి.

లెడ్జర్ ఎత్తు తలుపు గడపను బట్టి తేలుతుంది. మంచు పడే చోట పలకలు గడపకు నాలుగైదు అంగుళాలు కిందికి ఉంటే మంచు తలుపుకు ఆనదు. స్లైడింగ్ డోర్ అయితే ఈ తేడా ఏడుముప్పావు అంగుళాలు దాటకూడదు. పలక మందం ఒక అంగుళం. అంటే గడపకు నాలుగు అంగుళాల కింద పలక కావాలంటే, లెడ్జర్ పైఅంచు ఐదు అంగుళాల కింద.

డాలస్ చుట్టుపక్కల ఇళ్లకు ఇది వర్తించదు. అక్కడ గోడ బయట కనిపించే ఇటుక కేవలం పైతొడుగు, బరువు మోయదు. దానికి లెడ్జర్ బిగించడం కోడ్ ఒప్పుకోదు. గోడకు కొంచెం ఎడంగా ఇంకో బీమ్, ఇంకో వరుస గుంజలు వేసి, ఏటవాలు బ్రేసింగ్‌తో (ఊగకుండా వేసే ఊతచెక్కలు) డెక్కును తన కాళ్ల మీద నిలబెట్టాలి. అక్కడి ఇళ్లు చాలావరకు స్లాబ్ మీద ఉంటాయి కాబట్టి డెక్ నేలకు దగ్గరగా వస్తుంది, రెయిలింగ్ తప్పనిసరి కాకపోవచ్చు. అలాంటప్పుడు చెక్కంతా గ్రౌండ్ కాంటాక్ట్ రకం (నేలను తాకినా కుళ్లకుండా మందు ఎక్కువ పట్టించినది) తీసుకోండి. అక్కడి బంకమట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది, కాబట్టి నేల మీద పెట్టే రెడీమేడ్ కాంక్రీట్ దిమ్మెలు నమ్మదగ్గవి కావు.

నేలలోకి దిగే చోటు

ఫుటింగ్ అడుగు ఫ్రాస్ట్ లైన్ (చలికాలంలో నేల గడ్డకట్టే లోతు) కిందికి ఉండాలి. న్యూజెర్సీలో చాలాచోట్ల 36 అంగుళాలు, షికాగోలో 42. పైన ఆగితే మట్టిలో నీరు గడ్డకట్టి ఫుటింగ్‌ను ఎత్తేస్తుంది. గోడవైపు డెక్ కదలదు, బయటివైపు లేస్తుంది. మెట్లు వంకర పోయేదీ, తలుపు ముందు నీళ్లు నిలిచేదీ అందుకే.

వెడల్పు లెక్క ఇలా. గోడ నుంచి పదిన్నర అడుగుల దూరాన బీమ్, దాని మీద నుంచి జాయిస్టులు ఒకటిన్నర అడుగు బయటికి. బీమ్ మీద గుంజలు మూడు, 7 అడుగుల ఎడంతో, రెండు కొసలూ ఒక్కో అడుగు వేలాడుతూ. బయటికి వేలాడే భాగం బరువు కూడా బీమ్ మీదే కాబట్టి మధ్య గుంజ మీద దాదాపు 7 × 6.9 అడుగుల భాగం బరువు పడుతుంది. 40, 10 కలిపి 50తో గుణిస్తే సుమారు 2,400 పౌండ్లు. మామూలు మట్టి చదరపు అడుగుకు 1,500 పౌండ్లు మోస్తుందనుకుంటే 1.6 చదరపు అడుగులు కావాలి. 18 అంగుళాల వ్యాసం గుండ్రటి గొయ్యి 1.77 ఇస్తుంది. స్టోర్లో ముందుగా కనిపించే 8 అంగుళాల ట్యూబ్ (కాంక్రీట్ పోసే అట్టగొట్టం) తెచ్చి వేసేస్తే 0.35 చదరపు అడుగులే, ఇది చాలా తరచుగా జరిగే తప్పు.

భూమిలో 36, పైకి 6, మొత్తం 42 అంగుళాల ఎత్తుకు ఒక్కో ఫుటింగ్‌కు 6.2 ఘనపు అడుగుల కాంక్రీట్. 80 పౌండ్ల బస్తా 0.6 ఇస్తుంది కాబట్టి 11 బస్తాలు. మూడింటికి 33. ఇంతలో ఇన్‌స్పెక్టర్ వచ్చి ఖాళీ గోతుల్ని చూసి వెళ్లాలి, ఆయన రాకముందే పోసేయకండి. గుంజను కాంక్రీట్‌లో పాతొద్దు, చుట్టూ నీరు నిలిచి కుళ్లుతుంది. ఒక అంగుళం పైకి ఎత్తి పట్టుకునే మెటల్ పోస్ట్ బేస్ మీద నిలబెట్టాలి.

బీమ్, జాయిస్టులు

గుంజలు 6×6వే తీసుకోండి. 4×4ను గాడి కొడితే బీమ్ కూర్చోవడానికి సరిపడా చెక్క మిగలదు. బీమ్‌కు రెండు 2×10లు కలిపి, గుంజ తలమీద గాడిలో కూర్చోబెట్టి బోల్టులు వేయాలి. గుంజకు రెండు పక్కలా ఒక్కో చెక్క బోల్టులతో వేలాడదీసే పద్ధతిలో బరువంతా బోల్టుల మీదే పడుతుంది. నంబర్ 2 సదరన్ పైన్ రెండు 2×10లకు, జాయిస్ట్ స్పాన్ 12 అడుగుల్లోపైతే, గుంజల మధ్య గరిష్ఠంగా 7 అడుగుల 4 అంగుళాలు. మనది 7.

వాసాల్లా అడ్డంగా వేసే జాయిస్టులు 2×8, 16 అంగుళాలకొకటి. ఈ చెక్కకు ఆ ఎడంతో 11 అడుగుల 10 అంగుళాల వరకు ఒప్పుకుంటారు, మనది పదిన్నర. కాంపోజిట్ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) పలకల్ని ఏటవాలుగా వేయాలనుకుంటే 12 అంగుళాలకు దగ్గరపరచాలి. ఈ అంకెలు పైన్‌వి. మీ ఊళ్లో వేరే చెక్క దొరికితే స్పాన్ మారుతుంది, మీ టౌన్ వాడే కోడ్ ఎడిషన్‌లోని టేబుల్‌తో సరిచూడండి.

జాయిస్టు చివరల్ని లెడ్జర్‌కు పట్టే మెటల్ హ్యాంగర్లలో డెక్ స్క్రూలు వాడితే ఇన్‌స్పెక్షన్ ఫెయిల్. అవి పెళుసు, పక్కబరువుకు టప్పున విరుగుతాయి. ఆ హ్యాంగర్‌కు తయారీదారు చెప్పిన మేకులే, ప్రతి రంధ్రంలోనూ పడాలి. మెటల్ అంతా హాట్ డిప్ గాల్వనైజ్డ్, సముద్రానికి దగ్గరైతే స్టెయిన్‌లెస్.

మెట్లు, రెయిలింగ్

ఒక మెట్టు ఎత్తు ఏడుముప్పావు అంగుళాలు దాటకూడదు. 42ను 7.75తో భాగిస్తే 5.4, కాబట్టి ఆరు ఎత్తులు, ఒక్కోటి సరిగ్గా 7 అంగుళాలు. కాలు పెట్టే మెట్లు ఐదు. ఒక్కోటి పదిన్నర అంగుళాల లోతైతే మెట్లు యార్డులోకి నాలుగడుగుల నాలుగున్నర అంగుళాలు వస్తాయి. ఎత్తుల మధ్య తేడా మూడెనిమిదో వంతు అంగుళం దాటితే ఒప్పుకోరు. అందరూ పొరపడేది ఆఖరి మెట్టు దగ్గర. పలక మందం ఒక అంగుళం స్ట్రింగర్ (మెట్లను మోసే ఏటవాలు చెక్క) అడుగు నుంచి కోసేయాలి, లేకపోతే కింది మెట్టు 8 అంగుళాలు, పైది 6 అవుతుంది. వెడల్పు మూడడుగులు కోడ్‌కు చాలు. కూలర్ పట్టుకుని దిగేవాళ్లకు నాలుగు ఇవ్వండి.

నేల నుంచి 30 అంగుళాలు దాటిన డెక్కుకు రెయిలింగ్ తప్పనిసరి. ఎత్తు 36 అంగుళాలు, కొన్ని చోట్ల 42. కడ్డీల మధ్య నాలుగు అంగుళాల బంతి దూరకూడదు, పసిపిల్లల తల కోసం పెట్టిన రూలు అది. రెయిలింగ్ గుంజ తలమీద 200 పౌండ్ల తోపుడుకు ఆగాలి. డెక్ బయటి అంచు చెక్క అయిన రిమ్‌కు రెండు బోల్టులు వేసి వదిలేస్తే రిమ్మే మెలితిరుగుతుంది. వెనక బ్లాకింగ్ (జాయిస్టుల మధ్య ఇరికించే అడ్డ ముక్కలు) పెట్టి, జాయిస్టుకు కట్టే టెన్షన్ హార్డ్‌వేర్ వాడాలి.

పలకలు

ఇక రంగు. చెప్పులు తలుపు దగ్గర విడిచి ఉత్త కాళ్లతో డెక్ మీదికి వచ్చే ఇళ్లు మనవి. ముదురు రంగు కాంపోజిట్ జూలై మధ్యాహ్నం కాలు పెట్టనివ్వదు, లేత బూడిదరంగు కొంత నయం. పైన్ చవక, కాలు కాలదు, కానీ రెండు మూడేళ్లకోసారి స్టెయిన్ అడుగుతుంది. తడి ఆరని పైన్ పలకల్ని సందు లేకుండా ఆనించి వేయండి, ఆరాక సందు దానంతట అదే వస్తుంది. కాంపోజిట్‌కు మాత్రం తయారీదారు చెప్పిన సందు ఇవ్వాల్సిందే.

సామాను

లెడ్జర్, రిమ్: 2×8, 16 అడుగులవి 2
జాయిస్టులు: 2×8, 12 అడుగులవి 13, బ్లాకింగ్‌కు ఇంకో 2
బీమ్: 2×10, 16 అడుగులవి 2
గుంజలు: 6×6, 8 అడుగులది 1. ఒక్కో గుంజ బీమ్ అడుగు వరకు ఒకటిన్నర అడుగే వస్తుంది, గాడికి ఇంకో తొమ్మిది అంగుళాలు
పలకలు: 16 అడుగులవి డెక్కుకు 26, మెట్లకు 3, వృథాతో కలిపి 32
పలకల స్క్రూలు: సుమారు 800
లాగ్ స్క్రూలు 14, హ్యాంగర్లు 11, రెండు కొసలకు యాంగిల్ బ్రాకెట్లు
కాంక్రీట్ 35 బస్తాలు. పగిలిన బస్తా ఒకటైనా వస్తుంది
మెట్ల స్ట్రింగర్లకు 2×12, పైన్ పలకలైతే 4, కాంపోజిట్ అయితే 5

పైన్ డెక్కుకు వేసిన వెంటనే స్టెయిన్ వేయొద్దు. పలక మీద నాలుగు నీటి చుక్కలు చల్లి చూడండి. చుక్క పూసలా నిలిస్తే చెక్క ఇంకా తడిగా ఉంది, ఆగండి. పది నిమిషాల్లో లోపలికి ఇంకిపోతే వేసుకోవచ్చు.