‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’ ఎలా వినాలి?

1970ల రాక్ సంగీత నాటకాల్లోకి అడుగు పెట్టాలంటే నేను ఎవరికైనా ముందు ఏసు చివరి రోజుల కథ చెప్పే దీన్నే ఇస్తాను. సినిమాతో కాదు, 1970లో వచ్చిన ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. న్యూయార్క్‌లోని బ్రాడ్వే వేదిక ఎక్కింది ఆ మరుసటి ఏడాదే; రికార్డు ముందు, నాటకం తర్వాత. అందుకే ఇందులో మాటలుండవు, కథంతా పాటల్లోనే నడుస్తుంది.

హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. తొలి పాట ఏసును పట్టించిన శిష్యుడు యూదాది. దాన్ని పాడిన ముర్రే హెడ్ గొంతు కంటే ముందు గిటార్ రిఫ్‌ని, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరవరుసని, పట్టుకోండి. పాటను మోసేది అదే. ఏసుగా పాడింది రాక్ బృందం డీప్ పర్పుల్ గాయకుడు ఇయాన్ గిల్లాన్. పట్టుబడే ముందు ఏసు తోటలో చేసే ప్రార్థన ‘గెత్సెమనే’ పాటలో ఆయన కేక పెట్టే చోట వాల్యూమ్ తగ్గించకండి, దయచేసి! దేవుణ్ణి నిలదీసే మనిషి గొంతు అలాగే ఉండాలి.

తర్వాత తాళం చూడండి. మేరీ మగ్దలేనా ఓదార్చే ‘ఎవ్రీథింగ్స్ ఆల్‌రైట్’ అయిదు దెబ్బల లెక్క. ‘ది టెంపుల్’ ఏడు. ఖండచాపు, మిశ్రచాపు తెలిసిన చేతులకు ఇది ఇట్టే అందుతుంది. తొడమీద వేస్తూ వినండి. గుడిలో బేరాల తొక్కిసలాట ఆ ఏడులోనే ఉంది.

మొత్తం అయ్యాక ఓవర్చర్ (మొదట్లో వచ్చే వాద్య సంగీతం) మళ్లీ పెట్టండి. రోమన్ అధికారి పిలాతు ఏసును విచారించే చోట విన్న సంగీతం అక్కడ ముందే ఉంటుంది.

ఆ తర్వాత 1968లో బ్రాడ్వేకి వచ్చిన రాక్ నాటకం ‘హెయిర్’కి వెళ్లండి. ముర్రే హెడ్ ఈ ఆల్బమ్‌కు ముందు దాని లండన్ ప్రదర్శనలో నటించినవాడే.