గడ్డ మొటిమలు: గిల్లకముందే తెలుసుకోవాల్సినవి

దవడ మీద వేలు పెడితే లోపల గట్టిగా తగులుతుంది, నొక్కితే చెవి దాకా సలుపుతుంది. తెల్లటి మొన ఉండదు, వారాలు గడిచినా పోదు, పోయినా గుంటో నల్లమచ్చో మిగిలిపోతుంది. 5 మిల్లీమీటర్లు దాటిన ఇలాంటి గట్టి గడ్డల్ని డాక్టర్లు నాడ్యూల్స్ అంటారు, లోపల చీము చేరి మెత్తబడినవాటిని సిస్ట్‌లంటారు. ముఖం, ఛాతీ, వీపు వీటికి అలవాటైన చోట్లు. చంకల్లో, గజ్జల్లో కూడా పదేపదే గడ్డలు లేచి కారుతుంటే అది వేరే జబ్బు కావచ్చు, ఆ సంగతి డాక్టరు దగ్గర దాచొద్దు.

వెంట్రుక కుదురు పక్కనుండే నూనె గ్రంథి హార్మోన్ల వల్ల ఎక్కువ నూనె వదులుతుంది. రాలిపోవాల్సిన మృతకణాలు అక్కడే అంటుకుని దారి మూసేస్తాయి. లోపల బ్యాక్టీరియా పెరిగి వాపు మొదలవుతుంది, చివరికి కుదురు గోడ చర్మం లోపలే పగులుతుంది. గడ్డ కట్టేది అప్పుడే. దాన్ని చిదిమితే బయటికొచ్చేది ఒక చుక్క, లోపలికి చిమ్మేది అంతకన్నా ఎక్కువ. మచ్చలు లోతుగా పడేది అందుకే.

పసుపు, నిమ్మరసం, టూత్‌పేస్ట్ ఆ లోతుకు చేరవు. పైగా నిమ్మరసం, టూత్‌పేస్ట్ పైచర్మాన్ని మండిస్తాయి. ముఖం కడుక్కోకపోవడం వల్ల వచ్చే జబ్బు కూడా కాదిది. ‘బిర్యానీ వేడి చేసింది’ అని నేరమంతా మసాలా మీద వేస్తాం గానీ, పరిశోధనల్లో కాస్త సంబంధం కనిపించింది చక్కెర, మైదా, పాలు, జిమ్‌కెళ్లేవాళ్లు తాగే వే ప్రోటీన్‌తో. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తగ్గిస్తే కొందరికి కొంత మేలు. అంతమాత్రాన గడ్డలు మాత్రం పోవు.

మందుల షాపు ట్యూబు

‘మొటిమలకు ఏదైనా ఇవ్వండి’ అంటే కౌంటర్లో చేతికొచ్చే ట్యూబు వెనక పేర్లు చదవండి. బెటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. మొదటి వారం అద్భుతంగా ఉంటుంది: ఎరుపు, వాపు తగ్గి ముఖం తెల్లబడినట్టు కనిపిస్తుంది. ఆపగానే మొటిమలు రెట్టింపుగా తిరగబడతాయి, చర్మం పలచబడి ఎర్రటి నరాలు తేలతాయి. నెలల తరబడి వాడుతున్నవాళ్లు దాన్ని ఎలా మానాలో డాక్టర్నే అడగాలి, ట్యూబు వెంట తీసుకెళ్లాలి.

అపాయింట్‌మెంట్ దొరికేలోపు

సలుపుతున్న గడ్డ మీద గుడ్డలో చుట్టిన ఐసు 5 నుంచి 10 నిమిషాలు పెట్టండి. రోజుకు రెండుసార్లు మృదువైన ఫేస్‌వాష్ చాలు, స్క్రబ్ వద్దు. పగలు 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ పలచగా రాయండి. రంగు దిండుగలీబులు, తువ్వాళ్లు దీనికి వెలిసిపోతాయి, తెల్లవి వాడండి. రాత్రి ముఖం బాగా ఆరాక 0.1 శాతం అడాపలీన్ జెల్ బఠాణీ గింజంత తీసుకుని ముఖమంతా పట్టించాలి, గడ్డ మీద చుక్క పెట్టి వదిలేయడం కాదు. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు అడాపలీన్ జోలికి పోవద్దు. తలకు నూనె పెట్టుకుని పడుకునే అలవాటుంటే ఆపండి. ఎండాకాలంలో హెల్మెట్ పట్టీ రాసుకునే చోట గడ్డలు వస్తుంటే ఆ పట్టీని తరచూ ఉతకండి.

వీటితోనే నయమవుతుందేమో అని నెలలు గడపకండి. గడ్డలు కట్టే దశలో లోపలికి మందు పడాల్సిందే. ప్రైవేటు ఫీజు భారమైతే హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల చర్మవ్యాధుల ఓపీకి పొద్దున్నే వెళ్లండి. ఆడవాళ్లకు నెలసరి క్రమం తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు ఉంటే అడక్కముందే చెప్పండి: అది పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ సమస్య) అయితే వైద్యం దారి మారుతుంది.

డాక్టరు ఏమిస్తారు

డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ సాధారణంగా రోజుకు 100 మి.గ్రా., మూడు నాలుగు నెలలకు మించకుండా, పూతమందుతో కలిపి. నిండు గ్లాసు నీళ్లతో మింగి అరగంట పడుకోవద్దు, లేకపోతే అన్నవాహికలో పుండు పడొచ్చు. ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది కాబట్టి ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ తప్పదు.

పెళ్లి దగ్గరపడి ఒక్క గడ్డ మొండికేస్తే అందులోకే ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. రెండు మూడు రోజుల్లో అణుగుతుంది. మోతాదు ఎక్కువైతే అక్కడ గుంట పడుతుంది, కొత్త చేతికి అప్పగించే పని కాదు.

గడ్డ మొటిమలకు అసలు మందు ఐసోట్రెటినాయిన్, విటమిన్ ఎ జాతికి చెందిన మందు. మొదలు రోజుకు కిలో బరువుకు 0.5 మి.గ్రా. చొప్పున, కోర్సు మొత్తానికి కిలోకు 120 నుంచి 150 మి.గ్రా. 60 కిలోలుంటే రోజుకు 30 మి.గ్రా.; 120 లెక్కన 7,200 మి.గ్రా., అంటే 8 నెలలు. ముఖం నున్నబడిందని మూడో నెలలో మానేసినవాళ్లకే ఎక్కువగా తిరిగొస్తుంది. ఖాళీ కడుపున వేస్తే ఒంటికి పట్టేది బాగా తగ్గిపోతుంది, పప్పన్నంలో నెయ్యి వేసుకునే పూట సరిగ్గా సరిపోతుంది. మొదటి నెల గడ్డలు పెరగొచ్చు, భయపడి ఆపకుండా డాక్టరుకు చెప్పండి. పెదాలు పగలడం దాదాపు అందరికీ ఉంటుంది, వ్యాసలిన్ జేబులో ఉంచుకోండి. వ్యాక్సింగ్ చేయిస్తే చర్మమే ఊడిరావచ్చు.

ముందుగా, తర్వాత మళ్లీ ఒకటి రెండు నెలలకు కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు చేయిస్తారు. కడుపులో బిడ్డకు తీవ్ర లోపాలు కలిగించే మందిది: మొదలుపెట్టే ముందు గర్భ పరీక్ష, కోర్సంతా, ముగిశాక ఒక నెల వరకు నమ్మకమైన గర్భనిరోధం తప్పనిసరి. అన్నాళ్లూ మగవాళ్లు, ఆడవాళ్లు ఎవరూ రక్తదానం చేయకూడదు. డాక్సీసైక్లిన్‌తో కలిపి వేసుకుంటే మెదడులో ఒత్తిడి పెరగొచ్చు, విటమిన్ ఎ మాత్రలూ వద్దు. మనసు బాగా కుంగినా, తలనొప్పితో చూపు మసకబారినా వెంటనే మందు ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి. జ్వరం, కీళ్ల నొప్పులతో గడ్డలు ఒక్కసారిగా పుండ్లయితే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

గుంటలకు లేజర్, మైక్రోనీడ్లింగ్ (సన్నని సూదులతో గుచ్చే వైద్యం) ఉన్నాయి, కానీ కొత్త గడ్డలు ఆగాకే. అంతకు ముందే ఆరు సిట్టింగుల ప్యాకేజీ అంటగట్టే క్లినిక్కులో అడ్వాన్సు కట్టకండి.