బ్రెస్ట్ పంపు నొప్పేస్తే స్పీడు పెంచకండి, గరాటు మార్చండి

మొన్న ఆదివారం మా పిన్ని కూతురికి అమలాపురంలో రొమ్ము మీద గాటు పెట్టి చీము తీశారు. బిడ్డకి ఇంకా ఏడు వారాలు నిండలేదు. అంతకుముందు మూడు రోజులు నూటరెండు జ్వరంతో వణుకుతూ కూడా "పాలు చాలట్లేదక్కా" అని ఏడ్చిందే తప్ప నొప్పిగా ఉందని ఒక్కసారి అనలేదు. పంపు అంటే నొప్పి ఉంటుందిలే అనుకుందట. తొలి కాన్పు కదా, ఏది మామూలో ఏది కాదో చెప్పేదెవరు. నేను వెళ్లి మంచం పక్కన బల్ల మీదున్న పంపు తీసి చూశాను. స్పీడు తొమ్మిదికి తొమ్మిది. గరాటు, అంటే రొమ్ముకి ఆనించే ముక్క, 28 మిల్లీమీటర్లది.

ఇలాంటిది చూడటం నాకు మూడోసారి. మొదటిది నాదే, పన్నెండేళ్ల కిందట. చీము దాకా పోలేదు గానీ పది రోజులు యాంటీబయాటిక్ మింగాను. రెండోది మా బ్రాంచిలో క్యాషియరు అమ్మాయిది. ముగ్గురం చేసింది ఒకటే తప్పు. గరాటు మన కొలతది కాదు, అందుకని పాలు సరిగ్గా రాలేదు, వస్తాయేమోనని స్పీడు పెంచాం.

చేతులు కడుక్కోండి, బిల్లు దాచుకోండి లాంటివి ఇక్కడ రాయను. అవి అందరికీ తెలుసు.

అసలు మీకు పంపు కావాలా

పుట్టింట్లో ఉండి, బిడ్డ పక్కలోనే ఉండి, రొమ్ము పట్టి తాగుతుంటే పంపుతో పనిలేదు. సీమంతానికి ఎవరో ఒకరు బహుమతిగా తెస్తారు, ఇంట్లో ఉంది కదా అని వాడతారు, అక్కడ మొదలవుతుంది గొడవ. బిడ్డ నెలలు నిండకుండా పుట్టి ఎస్‌ఎన్‌సీయూలో, అంటే పసిబిడ్డల ప్రత్యేక వార్డులో ఉంటేనో, రొమ్ము పట్టలేకపోతేనో, మీరు పనిలోకి వెళ్లాల్సి వస్తేనో కావాలి. ప్రసూతి సెలవు 26 వారాలని చట్టం 2017 నుంచీ చెబుతోంది. బట్టల షాపుల్లో, రొయ్యల ప్లాంట్లలో పనిచేసే ఎంతమందికి అది దక్కుతోందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. రెండో నెలలోనే డ్యూటీ ఎక్కేవాళ్లకి పంపు అవసరమే, కాదనను.

కానీ ఏడో నెలలో కొనకండి. చనుమొన కొలత కాన్పు తర్వాత మారుతుంది. కాన్పయ్యాక, కావాలని తేలాక, కొలిచి కొనండి. మొదటి రెండు మూడు రోజుల ముర్రుపాలు చుక్కలు చుక్కలుగా వస్తాయి, చిక్కగా ఉంటాయి, పంపులో పెడితే సగం గొట్టానికే అంటుకుపోతాయి. వాటిని చేత్తో స్పూనులోకి తీయడమే మేలు.

గరాటు సంగతి

పంపులో రొమ్ముకి ఆనించే ముక్కని ఫ్లేంజ్ అంటారు, చూడ్డానికి కిరసనాయిలు పోసే గరాటులా ఉంటుంది. దాని గొట్టం లోపలి అడ్డుకొలతే సైజు. మన దగ్గర దొరికే డబ్బాల్లో ఎక్కువగా 24 గానీ, 27, 28 గానీ పెడతారు. పది రూపాయల బిళ్ల అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు. ఓ బిళ్ల తీసి మీ చనుమొన పక్కన పెట్టి చూసుకోండి, ఎంత తేడా ఉందో మీకే తెలుస్తుంది. మా చెల్లిది కొలిస్తే 15 వచ్చింది. ఆ గొట్టంలో ఇంకో సగం ఖాళీ.

ఆ ఖాళీలోకి ఏం పోతుంది? చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం పోతుంది. లాగినకొద్దీ అదంతా లోపలికి వచ్చి ఉబ్బుతుంది, పాలు వచ్చే నాళాలు ఆ ఉబ్బులో నొక్కుకుపోతాయి, పాలు లోపలే నిలిచిపోతాయి. పైన చర్మం ఒరుసుకుని చీలుతుంది. లోపల నిలిచిన పాలు, పైన చీలిక, ఇక చీము పట్టడానికి ఎంతసేపు. గరాటు మరీ చిన్నదైనా అంతే, చనుమొన గోడలకి రాసుకుని తెల్లగా పాలిపోయి బయటికి వస్తుంది.

కొలవడానికి మీ తమ్ముడి జామెట్రీ బాక్సులో స్కేలు చాలు. పాలిచ్చిన వెంటనే, పంపు పెట్టిన వెంటనే కొలవకండి, అప్పుడు సాగి ఉంటుంది. చనుమొన మొదలు దగ్గర ఈ చివర నుంచి ఆ చివరకి ఎన్ని మిల్లీమీటర్లో చూడండి. నల్ల వలయాన్ని కలపకండి. వచ్చిన అంకెకి ఒకటి నుంచి మూడు కలిపితే మీ గరాటు సైజు. కుడి, ఎడమ ఒకేలా ఉండాలని లేదు, నాకే రెండు మిల్లీమీటర్లు తేడా. డబ్బాలో పెద్దది వస్తే దాన్ని పారేయక్కర్లేదు, లోపల దూర్చుకునే సిలికాన్ ఇన్సర్టులు 15, 17, 19, 21 సైజుల్లో విడిగా దొరుకుతాయి.

షాపులో అడిగితే ఏమంటారో ముందే చెప్తాను. "అందరికీ ఇదే సరిపోద్దండి, ఫ్రీ సైజు." నైటీ కొంటున్నామా ఏంటి. అతన్ని అనీ లాభం లేదు, అతనికీ ఎవరూ చెప్పలేదు. మీ అంకె మీ దగ్గరుంటే అతను చెప్పేది వినాల్సిన పని లేదు.

స్పీడు సంగతి

మనవాళ్లు స్పీడు అనేది నిజానికి లాగుడు. గేదెని పితికేవాళ్లెవరినైనా అడగండి, చేపకుండా, అంటే పాలు దిగకముందే పితికితే ఏమవుతుందో చెప్తారు. దూడని వదలాలి, అది నాలుగుసార్లు పొదుగు కుమ్మాలి, అప్పుడు చేపుతుంది. మనిషికీ అంతే. ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలైతేనే పాలు చేపుకొస్తాయి, నొప్పి, భయం, టెన్షన్ ఉంటే అది ఆగిపోతుంది. ఇప్పుడు వరస చూడండి. నొప్పి వల్ల చేపు రాదు, చేపు రాక పాలు తగ్గుతాయి, పాలు తగ్గాయని లాగుడు పెంచుతారు, నొప్పి ఇంకా పెరుగుతుంది. మా చెల్లి తొమ్మిదికి ఎక్కింది ఇలాగే, రోజుకో అంకె.

బిడ్డని గమనించండి. ముందు గబగబా, తేలిగ్గా చప్పరిస్తాడు, పాలు దిగాక నెమ్మదిగా గుటకలు వేస్తాడు. పంపు కూడా అలాగే వాడాలి. మొదటి రెండు నిమిషాలు తేలికపాటి మోడ్, చేపు వచ్చాక నెమ్మది మోడ్. లాగుడు ఒకటితో మొదలుపెట్టి, హాయిగా ఉన్నంతవరకే పెంచి, కాస్త ఇబ్బంది అనిపించిన చోట ఒక అంకె తగ్గించి అక్కడే ఆపాలి. ఒక్కోవైపు పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. డబ్బా మీద లాగుడు బలం (mmHg) 300 అనీ 320 అనీ పెద్ద అక్షరాలతో వేసింది చూసి మోసపోకండి, ఆసుపత్రుల్లో వాడే పెద్ద పంపులే చాలావరకు 250 చుట్టుపక్కల ఆగుతాయి.

మళ్లీ చెప్తున్నా, నొప్పేస్తే స్పీడు పెంచకండి. ఆపండి, గరాటు తీసి చూడండి. చనుమొన చుట్టూ ఊదారంగు గీత పడిందా, వలయం ఉబ్బిందా, కొస తెల్లగా ఉందా? వీటిలో ఏది కనిపించినా ముందు గరాటు చూసుకోండి. పాలు లేవని ఏడవడం తర్వాత.

వదిన వాడిన పంపు

"ఒక్క కాన్పుకి వాడిందేగా, నాలుగు వేలు పోసి కొన్నాం" అని అత్తగారు అటక మీద నుంచి తీస్తారు. వద్దని మెల్లగా చెప్పండి. ఇళ్లలో వాడే పంపులు ఒక్కరి కోసం చేసినవి. వీటిలో కొన్నింటికి పాలు మోటారు వైపు పోకుండా అడ్డు ఉండదు. ఓపెన్ సిస్టమ్ అంటారు. పాల తేమ లోపలికి పోయి బూజు పడితే మీరు ఎంత మరిగించినా అది పోదు, మోటారుని మరిగించలేరు కదా. కొనేటప్పుడు క్లోజ్‌డ్ సిస్టమ్ అని అడిగి తీసుకోండి. ఆసుపత్రి వాళ్లు అద్దెకిచ్చే పెద్ద పంపులు వేరు, అవి చాలామంది వాడటానికే చేసినవి, అక్కడ కూడా గరాటు, గొట్టం, సీసా మాత్రం మీవి కొత్తవి ఉండాలి.

కడగడం గురించి ఒక్క మాట. 2016లో అమెరికాలో పెన్సిల్వేనియాలో నెలలు నిండని బిడ్డకి క్రోనోబాక్టర్ అనే బ్యాక్టీరియా సోకి మెదడు దెబ్బతింది. అదే బ్యాక్టీరియా పంపులోనూ, వంటింటి సింకు గొట్టంలోనూ దొరికింది. ఆ తల్లి శుభ్రం లేని మనిషేం కాదు, పంపు ముక్కల్ని సబ్బునీళ్లలో గంటల తరబడి నానబెట్టేది. నానబెట్టడమే తప్పు. వాడగానే చల్లటి నీళ్లతో తొలిచి, దీనికోసమే పెట్టుకున్న బేసిన్‌లో, దీనికోసమే పెట్టుకున్న బ్రష్‌తో తోమి, గాలికి ఆరబెట్టాలి. కొంగుతో తుడవకూడదు.

ఇక వరదల రోజులు. గోదావరికి ఎర్రనీళ్లు రాకముందే చూసుకోవాల్సినవి, ఎప్పుడైనా పనికొచ్చేవి, వరస లేకుండా రాస్తున్నా.

గోదావరి మధ్య లంక ఊళ్లలో ఉన్న బాలింత ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, అంటే నీటిమట్టం 11.75 అడుగులకే ఒడ్డుకి వచ్చేయాలి. 13.75 కి రెండోది ఇస్తారు, అప్పటిదాకా చూద్దామనుకుంటే కాజ్‌వే మునిగాక పచ్చి ఒంటితో పడవ ఎక్కాలి.

కరెంటు మీదే నడిచే పంపు కొనకండి. చార్జింగుది కొనండి, దానితోపాటు ఐదారు వందల్లో చేతి పంపు ఒకటి సంచిలో పెట్టుకోండి.

చేత్తో తీయడం ఇప్పుడే నేర్చుకోండి. బొటనవేలు పైన, రెండు వేళ్లు కింద, చనుమొనకి అంగుళం వెనక. ముందు ఛాతీ వైపు నొక్కాలి, తర్వాత వేళ్లు దగ్గరికి తేవాలి, వదలాలి. చర్మం మీద వేళ్లు జారకూడదు. దీనికి కరెంటు అక్కర్లేదు, గరాటు సైజు అక్కర్లేదు.

తీసిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టండి. వరద నీళ్ల మధ్య పాలసీసా కడిగి మరిగించడం మీ వల్ల కాదు.

తీసిన పాలు 25 డిగ్రీల గదిలో నాలుగు గంటలు ఉంటాయి. మన వేసవిలో మన వసారా 25 డిగ్రీలా? గంటలో పట్టేయండి, లేదా ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు. తలుపులో కాదు, లోపల వెనక్కి.

కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకండి. మూసి ఉంచితే నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. కూర గిన్నె కోసం కూడా తీయకండి.

గడ్డకట్టిన పాలు కరిగాక మళ్లీ గడ్డకట్టించకండి.

పొయ్యి మీద, మైక్రోవేవ్‌లో వేడి చేయకండి. వేడినీళ్ల గిన్నెలో సీసా దింపండి.

బిడ్డకి రెండు నెలలు నిండేదాకా పంపు ముక్కల్ని రోజుకోసారి ఐదు నిమిషాలు మరిగించండి. మోటారు గొట్టం మరిగించకండి. ఆ గొట్టంలో నల్లటి చుక్క కనిపిస్తే పారేయండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే క్యాన్ నీళ్లు వాడండి.

కడుపుతో ఉన్నప్పుడు "పని చేస్తుందో లేదో చూద్దాం" అని పంపు పెట్టుకోకండి, నొప్పులు మొదలవ్వొచ్చు. అరచేతి మీద పెట్టి చూసుకోండి.

వాల్వు అనే చిన్న రబ్బరు ముక్క చిరిగితే లాగుడు తగ్గుతుంది. అప్పుడూ అంతే, స్పీడు పెంచకండి, వాల్వు మార్చండి. ఒకటి అదనంగా కొని పెట్టుకోండి.

గట్టిపడిన రొమ్ముని ఎవరినీ పిసకనివ్వకండి. మంత్రసాని అయినా, అమ్మమ్మ అయినా సరే. చల్లటి గుడ్డ వేయండి. అన్నిసార్లూ మొత్తం ఖాళీ అవ్వాలని పంపుతో గంటలు గంటలు కూర్చోకండి, తీసినకొద్దీ ఇంకా ఊరి వాపు పెరుగుతుంది.

మల్లెపూలు రొమ్ముకి కట్టమని ఎవరో అంటారు. అది పాలు ఎండిపోవడానికి కట్టేది. పాలు కావాలనుకుంటూ కట్టుకున్నవాళ్లని చూశాను.

ఎర్రటి మచ్చ, గడ్డ, చలిజ్వరం, ఈ మూడూ కలిసి వస్తే ఒక్క రోజుకి మించి చూడకండి, ఆసుపత్రికి వెళ్లండి. వరద అని ఆగకండి. వద్దని డాక్టరు చెబితే తప్ప బిడ్డకి పాలు ఆపకండి.

నొప్పేస్తే స్పీడు పెంచకండి. ఇది మూడోసారో నాలుగోసారో.

డబ్బా తెరిచాక ఏ షాపూ వెనక్కి తీసుకోదు, కాబట్టి కొలత కాగితం మీద రాసి మీ ఆయన జేబులో పెట్టండి, షాపుకి వెళ్లేది ఆయనే కదా. కుడి ఎంతో, ఎడమ ఎంతో విడివిడిగా రాయండి.