స్కాట్లండ్ బారోనెట్ సైనికాధికారి జీవితాన్ని, కుటుంబాన్ని పరిశోధించడం ఎలా?

సైన్యంలో పనిచేసిన స్కాట్లండ్ బారోనెట్ గురించి రాయబూనినవారు ఆయన పుట్టుక వివరాల కన్నా ముందుగా, బిరుదు ఆయనకు ఎలా వచ్చింది, ఆయన తరువాత ఎవరికి పోయింది అన్నది తేల్చుకోవాలి. బారోనెట్ అనేది వంశపారంపర్యంగా సంక్రమించే 'సర్' బిరుదు. స్కాట్లండ్‌లో 1625లో మొదటి చార్లెస్ రాజు నోవా స్కోషియా (నేటి కెనడాలోని ప్రాంతం) పేరిట వీటిని ఇవ్వడం ఆరంభించాడు. 1707 తరువాత ఇచ్చినవి గ్రేట్ బ్రిటన్‌వి, 1801 నుంచి ఇచ్చినవి యునైటెడ్ కింగ్‌డమ్‌వి. తాత, తండ్రి, కొడుకు ఒకే పేరుతో ఉండటం ఆ కుటుంబాల్లో మామూలే కనుక, ప్రతి పేరు పక్కన ఎన్నో బారోనెట్టో, ఏ ఎస్టేటువాడో రాసుకోండి.

సర్ డేవిడ్ బెయిర్డ్‌నే తీసుకుందాం. 1757లో పుట్టిన ఈయన 1780లో పొల్లిలూరు యుద్ధంలో హైదర్ అలీ సైన్యానికి చిక్కి, మూడేళ్లకు పైగా శ్రీరంగపట్నంలో బందీగా ఉన్నాడు. 1799 మే 4న అదే కోటపై దాడికి నాయకత్వం వహించాడు. 1809 జనవరిలో స్పెయిన్‌లోని కొరున్నా యుద్ధంలో ఎడమ చేయి పోగొట్టుకున్నాడు, ఆ ఏడాదే బారోనెట్ అయ్యాడు. 1829లో సంతానం లేకుండా మరణించగా, బిరుదు ఇచ్చినప్పుడే పెట్టిన ప్రత్యేక వారసత్వ నిబంధన వల్ల అది అన్న కొడుకుకు దక్కింది. ఆ రెండో బారోనెట్ పేరు కూడా డేవిడే! ఆ నిబంధన చదవనివారు ఆయనను మొదటివాడి కొడుకుగా రాసేస్తారు.

సైనిక జీవితానికి లండన్ గెజిట్‌ను (బ్రిటిష్ ప్రభుత్వ అధికారిక పత్రిక), ఏటా అచ్చయిన ఆర్మీ లిస్టును (సైనికాధికారుల జాబితా) పక్కపక్కన పెట్టుకుని చూడాలి. రెజిమెంట్ల సంఖ్యలు మారుతుండేవి: పొల్లిలూరు నాటి బెయిర్డ్ రెజిమెంటు 73వది, 1786లో అదే 71వది అయింది. దీన్ని బదిలీగా పొరబడకూడదు. 1871లో రద్దయ్యేదాకా చాలా రెజిమెంట్లలో కమిషన్లు, అంటే అధికారి పదవులు, డబ్బుకు కొనుక్కునేవి కాబట్టి, చిన్న వయసులో పెద్ద హోదా కనిపిస్తే దాన్ని పరాక్రమానికి రుజువుగా చెప్పే ముందు ఆ హోదా ఎలా వచ్చిందో చూడాలి.

కుటుంబం సంగతికి వస్తే, ఎడిన్‌బరోలోని జాతీయ దస్తావేజుల కార్యాలయమే పెద్ద దిక్కు. 1855 జనవరి 1న జనన మరణాల నమోదు తప్పనిసరి అయింది. అప్పటి నుంచి మరణ నమోదులో చనిపోయినవారి తండ్రి పేరు, తల్లి పేరు, ఆమె పుట్టింటి ఇంటిపేరు ఉంటాయి. ఆ ఒక్క నమోదుతోనే తల్లి వైపు వంశం తెరుచుకుంటుంది. అంతకుముందు కాలానికి చర్చి రిజిస్టర్లే ఆధారం. బిరుదు దక్కని చిన్న కొడుకులను, ఆడపిల్లలను వదిలేయకండి, వివాహ ఒప్పందాల్లో వారి పేర్లు దొరుకుతాయి. భూమి కోసం మాత్రం వీలునామా వెతికి, దొరకలేదని ఆగిపోవద్దు: 1868 వరకు స్కాట్లండ్‌లో భూమిని వీలునామా ద్వారా ఇచ్చే వీలే లేదు. దానికి 1617 నుంచి ఉన్న సేసిన్ల రిజిస్టరునూ (భూమి చేతులు మారిన వివరాల నమోదు), వారసుల నిర్ధారణ పత్రాలనూ తిరగేయాలి.