కండె నిండని మొక్కజొన్న: కారణం, పరిష్కారం

ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాల్లో, ముఖ్యంగా గుణుపురం, పర్లాకిమిడి పరిసరాల తెలుగు రైతుల చేలల్లో మొక్క ఏపుగా పెరిగినా కండె కొన బోసిగా ఉంటే, ముందుగా విత్తనాన్ని తప్పుపట్టడం పరిపాటి. చాలాసార్లు అసలు కారణం కండెలోనే కనిపిస్తుంది.

సమస్య: కొనలో గింజే పట్టలేదు.

కారణం: పీచు, అంటే పుప్పొడిని గింజకు చేర్చే పోగులు, కండె మొదలు నుంచి ముందుగా, కొన నుంచి చివరగా బయటికి వస్తుంది. పూత సమయంలో నేల ఎండితే పీచు ఎదుగుదల మందగిస్తుంది, మగపూత మాత్రం ఇంచుమించు తన వేళకే పుప్పొడి రాల్చేస్తుంది కనుక, కొన పీచు బయటపడేసరికి పుప్పొడి మిగలదు. ఆలస్యంగా విత్తిన రబీ పంట ఎండల్లో పూతకొస్తే, వేడికి, పొడిగాలికి పుప్పొడి కూడా చచ్చుబడుతుంది.

నిర్ధారణ: పీచు వచ్చిన వారం పది రోజులకు ఒక కండెను కోసి, పై పొరలను చాకుతో నిలువుగా చీల్చి, పీచు తెగకుండా విప్పి, తలకిందులుగా పట్టుకొని మెల్లగా దులపాలి. ఫలదీకరణ జరిగిన గింజల పీచు రాలిపోతుంది, జరగని చోట అంటుకొనే ఉంటుంది.

పరిష్కారం: తప్పిన గింజలు ఈ పంటలో తిరిగి రావు, ఏ పిచికారీ వాటిని తేలేదు. బోరులో ఒక్క తడికే నీరుంటే దాన్ని మగపూత, పీచు కనిపించే రోజులకు దాచుకోవాలి. వచ్చే రబీలో నవంబరు మధ్యకల్లా విత్తడం మేలు.

సమస్య: కొనలో తెల్లటి, ముడుచుకుపోయిన చిరుగింజలు.

కారణం: ఫలదీకరణ జరిగింది గాని, తర్వాతి రెండు వారాల్లో ఆహారం చాలక మొక్క వాటిని వదిలేసింది. నీటి ఎద్దడి, వరుసగా ముసురు, కిక్కిరిసిన మొక్కలు, నత్రజని కొరత ఇందుకు దారితీస్తాయి. కింది ఆకులు కొన నుంచి నడిమి ఈనె వెంబడి పసుపెక్కితే నత్రజనే లోపం.

పరిష్కారం: సాళ్ల మధ్య 60, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు ఉంచాలి. యూరియాను మోకాలెత్తు దశలోనూ, పూత ముందూ, నేలలో పదును ఉన్నప్పుడే వేయాలి. పొడినేలపై చల్లిన యూరియాలో కొంత గాలిలో కలిసిపోతుంది.

సమస్య: లేత పైరు పసుపెక్కి గిడసబారడం.

వరి మళ్లలో వేసిన మొక్కజొన్నకు నీరు నిలిచి వేళ్లకు గాలి అందనప్పుడు ఇలా జరుగుతుంది. వెంటనే కాలువ తీసి, నేల ఆరిన తర్వాతే యూరియా వేయాలి. అటువంటి మళ్లలో బోదెల మీద విత్తడమే మేలు.

సమస్య: గింజ గట్టిపడకముందే మొక్కలు ఎండి ఒరగడం.

పూత తర్వాతి బెట్టలో మొక్క గింజ నింపేందుకు కాండంలోని చక్కెరలను ఖర్చు చేస్తుంది, బలహీనపడిన కాండంలోకి కుళ్లు తెగులు చొరబడుతుంది. కాండాన్ని చీల్చితే నల్లటి సన్నని పొడి కనిపిస్తుంది. చేలో ఆ భాగాన్ని ముందుగా కోసి, కండెలను వేరుగా ఆరబెట్టాలి.